దెదె పాటకు నేను పెట్టిన కొమ్ములు

కువైట్ నుంచి తిరిగొచ్చి నెలన్నర అయింది. వచ్చిన రోజు నుంచీ మా వీధిలో అందరిదీ ఒకటే ప్రశ్న, ఏం తెచ్చావని. ఖర్జూరం తెచ్చాను, పంచాను. అత్తరు సీసాలు నాలుగు తెచ్చాను, ఏది ఏ ఇంటికి పోయిందో కూడా తెలీదు. అసలు నేను పోయింది తేవడానికి కాదు, ఒకటి ఇచ్చి రావడానికి అంటే ముసలాయనకు ఎండదెబ్బ తగిలిందన్నట్టు చూస్తున్నారు. ఫిబ్రవరిలో కువైట్‌లో ఎండదెబ్బ ఎక్కడిది? రాయచోటి కంటే చలి. వినే ఓపిక లేనివాళ్ళకు చెప్పి లాభం లేదు గనక, చదివే ఓపిక ఉన్నవాళ్ళ కోసం రాస్తున్నాను.

నేను ఇచ్చి వచ్చింది ఒక నోటుపుస్తకం. నీలం అట్ట, మూలలు ఎలుక కొరికింది. ముప్పై అయిదేళ్ళు మా ఇనప్పెట్టెలో కర్పూరం బిళ్ళల మధ్య ఉంది. అందులో పదిహేడు పాటలు. పాటలు నావి కావు, తెలుగువీ కావు. ఇరాక్‌లో ఉత్తరాన కిర్కూక్ అని ఊరుంది. ఆ చుట్టుపక్కల తుర్కమానులనే జనం ఉంటారు. వాళ్ళు అరబ్బులు కారు, కుర్దులు కారు, వాళ్ళ భాష వాళ్ళది. ఆ జనంలో ఎప్పుడో ఒక పండితుడు పుట్టాడు, సూఫీ, పాటలు కట్టాడు. ఆ పాటల్ని వాళ్ళ భాషలోనే, మన అక్షరాల్లో రాసింది నేను.

నా చదువు అయిదో తరగతి, అదీ సగం. తక్కినది కిరాణా కొట్టు పొట్లాల మీద నేర్చుకున్నాను. అయినా రాత విషయంలో నన్ను ఎవరూ వేలెత్తి చూపలేరని నాకు గట్టి నమ్మకం ఉండేది. మా అయ్యవారు బెత్తం పట్టుకుని చెప్పేవాడు: తెలుగు మాట పొల్లుతో ఆగకూడదు, బస్ కాదు బస్సు, కార్ కాదు కారు, చివర కొమ్ము పెట్టరా అని. ఆ కొమ్ము నా వేళ్ళలో ఉండిపోయింది. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఎనభైల్లో కువైట్ పోయి, అక్కడ షువైఖ్‌లో ఒక గ్యారేజీలో ఇంజను సామాన్లు కడిగే పనికి చేరాను. అక్కడ పెద్ద మేస్త్రీ కిర్కూక్ తుర్కమాను. అక్కడ మేస్త్రీని ఉస్తా అంటారు, నేను ఆయన్ని వేరే పేరుతో పిలిచి ఎరగను. భార్య కువైటీ మనిషి. ఒకతే కూతురు. ఉస్తాకి ఆ సూఫీ పాటలు తండ్రి నోటి నుంచి వచ్చాయి. వాళ్ళ భాషలో రాత కనపడితే అప్పటి ఇరాక్ సర్కారు ఊరుకునేది కాదు, ఆయన ఊళ్ళో ఆ పాటలున్న కాగితాలన్నీ ఒక్కోటిగా పోయాయట. కొత్తగా వాళ్ళ లిపిలో రాసుకుందామంటే, సొంత దేశానికి పోయినప్పుడు సరిహద్దులో ఎవరి కంట పడుతుందోనని భయం. ఒక రోజు నేను ఇంటికి ఉత్తరం రాస్తుంటే నా భుజం మీదుగా చూశాడు. ఈ గుండ్రటి అక్షరాలు ఇరాక్‌లో ఏ పోలీసయినా చదవగలడా అని అడిగాడు. చదవలేడన్నాను. మర్నాడే నీలం అట్ట పుస్తకం కొనుక్కొచ్చాడు.

తొంభై ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగిన తర్వాత మేమంతా బస్సులెక్కి జోర్డాన్ దారి పట్టాం. ఉస్తా బస్సు దాకా వచ్చాడు. పుస్తకం నా చేతిలో పెట్టి అన్న మాట ఇది: "నేను ఉంటానో లేదో, నువ్వు తిరిగొచ్చి నా కూతురికి చదివి వినిపించు." నేను సరేనన్నాను.

తిరిగి పోలేదు. ఇంట్లో వాళ్ళు వద్దన్నారని అందరికీ చెప్పాను. నిజానికి నాకే భయం వేసింది. రెండు ఉత్తరాలు రాస్తే రెండూ వెనక్కి వచ్చాయి. ఆ తర్వాత లారీ తోలాను, పిల్లల్ని పెంచాను, పెట్టె తెరిచినప్పుడల్లా మూసేశాను. మా అమ్మాయి సుభద్ర నర్సు ఉద్యోగానికి కువైట్‌కే పోయి, నాయనా ఒకసారి చూసిపో అని పిలిచింది. డెబ్భై దాటాయి. ఇక మూసేయడానికి లేదు.

కువైట్ సిటీ

సుభద్ర కాపురం ఏడో అంతస్తులో. ఎదురింట్లో హైదరాబాదు ఇంజనీరు ఒకాయన ఉన్నాడు. మంచివాడే, వచ్చిన సాయంత్రమే బిర్యానీ పంపాడు. మాటల్లో నేను వచ్చిన పని చెప్పాను. ఆయన ఫోను తీసి పది నిమిషాలు గీకాడు. "అంకుల్, అట్లాంటి పోయెట్ ఎవరూ లేరు. ఉంటే వచ్చేటోడు గదా" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. మా అయ్యవారు కూడా ఫోనులో లేడు. ఆయన బెత్తం దెబ్బ మట్టుకు ఇప్పటికీ నా అరచేతిలో ఉంది. ఫోనులో దొరకని వాళ్ళు పుట్టనే లేదనుకుంటే, మా నాయన పుట్టలేదు, నేను అంతకన్నా పుట్టలేదు. ఇదంతా బిర్యానీ తింటూ అన్నాను. మా అమ్మాయి బల్ల కింద నా కాలు తొక్కుతూనే ఉంది.

మర్నాడు ఒక్కణ్ణే పాత బజారుకు పోయాను. పైకప్పు బాగు చేశారు, నేల తుడిచారు, కానీ మసాలాల వాసన పాతదే. ఇరానీ రొట్టెల కొట్టు కనపడింది. గోడలో తవ్విన పొయ్యిలోంచి తీసిన పలక లాంటి రొట్టె, మీద నువ్వులు. దీనారుకు వెయ్యి ఫిల్సులు; మేమున్న కాలంలో రొట్టె ఇరవై ఫిల్సు, ఇప్పుడు యాభై. ఇన్నేళ్ళలో ఇంత తక్కువ పెరిగిన వస్తువు భూమ్మీద ఇంకొకటి ఉందా? మన దగ్గర దోసె ధర తల్చుకుంటే కడుపు మండుతుంది. రొట్టెను అక్కడ న్యూస్ పేపరు మీద పరుచుకుంటారు. మనం అరిటాకు పరుచుకున్నంత సహజంగా. ఉస్తా, నేను మధ్యాహ్నం పూట అలాగే తినేవాళ్ళం, రొట్టె, టమోటా, ఉల్లిపాయ. తినే ముందు ఆయన పేపరులో బొమ్మలున్న వైపు కిందికి తిప్పేవాడు. మనుషుల మొహాల మీద తినకూడదట.

ఇస్తికానా అని చిన్న గాజు గ్లాసు, నడుము దగ్గర సన్నగా ఉంటుంది, టీ అందులో ఇస్తారు. పాలుండవు. మొదటి గుక్క తాగి గ్లాసు కింద పెట్టేశాను. టీ వేడికి కాదు. గ్లాసు పట్టుకున్న వేళ్ళకు గ్రీజు లేదు, అందుకు. కడిగినా పోని నలుపుతో నాలుగు వేళ్ళు ఎదురుగా ఇంకో గ్లాసు పట్టుకుని లేవు. ముప్పై అయిదేళ్ళ తర్వాత కూడా ఒకడి పక్కన కూర్చోవాలని ఇంతగా అనిపిస్తుందని నాకు తెలీదు.

షువైఖ్

గ్యారేజీ లేదు.

లేకపోవచ్చని అనుకుంటూనే పోయాను, అయినా ఆ మూల మలుపు తిరిగి చూసేసరికి కాళ్ళు ఆగిపోయాయి. అక్కడ అద్దాల కాఫీ కొట్టు ఉంది. లోపల గోడకు పాత స్పానర్లు, పిస్టన్లు అతికించారు, అలంకారానికి. కాఫీ రెండు దీనార్లు. మేము చేతులు కోసుకున్న సామాన్లు గోడకు కొట్టి, వాటిని చూస్తూ తాగడానికి రెండు దీనార్లా అని అక్కడి పిల్లను నిలదీశాను. ఫిలిప్పీన్స్ పిల్ల, పాపం, నవ్వి మంచినీళ్ళు ఇచ్చింది. నీళ్ళకు డబ్బు తీసుకోలేదు. కోపం సగం దిగింది.

ఆ అద్దం బయట అరుగు మీద కూర్చుని దెదెను తల్చుకున్నాను. ఉస్తా ఆ కవి పేరు ఎప్పుడూ పలకలేదు. దెదె అనేవాడు. తాత అని, గురువు అని, రెండూనట.

దెదె చిన్నప్పటి నుంచీ మదరసాలో చదివాడు. అరబ్బీ, పారసీ రెండూ నాలుక చివర. తలపాగా ఎంత పెద్దదంటే ద్వారంలో వంగి రావాల్సి వచ్చేది. ఒకసారి కుమ్మరామె బిడ్డ చనిపోతే పోయి అరబ్బీలో ప్రార్థన చదివి వచ్చాడు. మర్నాడు ఆమె వచ్చి, నిన్న నా బిడ్డతో ఏం చెప్పావని అడిగింది. ఈయన తుర్కమానులో విడమరిచి చెప్పాడు. ఆమె అంతా విని, మరి ఇట్లాగే చెప్పలేకపోయావా, వాడికి ఈ భాష ఒక్కటే కదా వచ్చేది అందట. దెదె ఆ రోజు తలపాగా విప్పేశాడు. ఆ గుడ్డ కుమ్మరామె రెండో బిడ్డకు ఉయ్యాల అయింది. తర్వాత చచ్చేదాకా తుర్కమానులో తప్ప పాట కట్టలేదు. తోటి పండితులు వంటింటి ముల్లా అని వెక్కిరించారు. జీనులు కుట్టి బతికాడు. కంచర గాడిదలు తోలేవాళ్ళు నడుస్తూ గుర్తుపెట్టుకోవాలని ప్రతి పాటా మూడు ముక్కల్లో ముగించాడు.

ఈ కథ చెప్పేటప్పుడు ఉస్తా వాల్వు నూరుతూనే ఉండేవాడు. చెప్పి, నా వైపు తిరిగి, రాయి కాతిబ్ అనేవాడు. కాతిబ్ అంటే లేఖకుడు. అయిదో తరగతి సగం చదివిన నన్ను నా జన్మలో ఆ మాట అన్నవాడు ఆయన ఒక్కడే. మన ఊళ్ళో చదువుకున్నవాళ్ళు నన్ను ఏమనేవాళ్ళో నాకు గుర్తుంది, ఎవరెవరో కూడా గుర్తుంది. వదిలేయండి.

రెండు వీధుల అవతల పెషావరు ముసలాయన సామాన్ల కొట్టు ఇంకా ఉంది. అందరూ హాజీ అంటారు. నన్ను గుర్తుపట్టలేదు గానీ ఉస్తా అనగానే కుర్చీ జరిపాడు. ఉర్దూలో నెమ్మదిగా చెప్పాడు. యుద్ధం అయిపోయాక ఇరాకీ కాగితాలున్నవాళ్ళు ఉండలేని రోజులొచ్చాయి. ఉస్తా కిర్కూక్ పోయాడు. భార్యాబిడ్డలు తల్లివైపు వాళ్ళ దగ్గర ఇక్కడే ఉండిపోయారు. రెండు దేశాల మధ్య ఫోన్లు మళ్ళీ కలిశాక వారం వారం ఫోను చేసేవాడట. అక్కడే పోయాడు, చాలా ఏళ్ళయింది.

నేను ఆ మాట కోసమే వచ్చినట్టు తల ఊపాను. ఆయన ఉంటాడని ఏ మూలో పెట్టుకున్న ఆశ ఆ కుర్చీలోనే జారిపోయింది.

"కూతురు వస్తుంది" అన్నాడు హాజీ. "మోటారు సామాన్లు తన చేత్తో ఏరుకుంటుంది. వఫ్రాలో తోట."

కొట్టు ముందు చిన్న ట్రక్కులోకి పెట్టెలు ఎత్తుతున్న మనిషి ఒకడు తలెత్తి చూశాడు. అక్కడ ఆ ట్రక్కును వానెట్టు అంటారు. నా ఉర్దూ వినే కనిపెట్టినట్టున్నాడు.

"పెదనాయనా, మీది రాయచోటి పక్కనా?" అన్నాడు.

పేరు ఓబులేసు. ఊరు మా ఊరికి రెండు బస్టాపుల అవతల. వఫ్రా తోటల నుంచి దోసకాయలు తెచ్చే పని. ఆ కూతురి పేరు వర్దా అని, ఆ తోట తనకు తెలుసని, అక్కడ వంట చేసే నాగమ్మది పుల్లంపేట అని ఒక్క గుక్కలో చెప్పేశాడు. ఎల్లుండి తీసుకుపోతానన్నాడు.

వఫ్రా దారి

వానెట్టులో దక్షిణానికి పోతుంటే ఊరు అయిపోయి ఇసుక మొదలవుతుంది. చలికాలం గనక దారికి రెండు పక్కలా కువైటీలు గుడారాలు వేసుకున్నారు. ఇంట్లో పాలరాయి ఉన్నవాళ్ళు ఇసుకలో నిద్రపోవడానికి వస్తారు. మన వాళ్ళకు చెప్తే నవ్వుతారు. కానీ వేసవిలో మిద్దె మీద పడుకోవడం మానేసి మనం ఏం బాగుపడ్డామో నాకు తెలీదు.

సగం దూరం పోయాక ఒళ్ళో సంచి వెచ్చగా తగిలింది. తెరిచి చూస్తే చిత్రాన్నం డబ్బా. సుభద్ర ఒకేలాంటి రెండు సంచులు ఇచ్చింది. పుస్తకమున్నది వాళ్ళ ఇంట్లో ఫ్రిజ్జు మీద ఉంది.

ఓబులేసు బండి ఆపి నా మొహం చూశాడు. "ముప్పై అయిదేండ్లు దాసిపెట్టినావు, ఈ గంట సేపు చూసుకోల్యాకపోతివే" అన్నాడు. వాడే బండి తిప్పాడు. తిరిగి సిటీకి, తిరిగి వఫ్రాకి. దారిలో చిత్రాన్నం తిన్నాం. ఎండుమిర్చి తీసి బయటికి వేయబోతే, ఈడ రోడ్డు మీద ఏస్తే ఫైను, నీకాడే పెట్టుకో అన్నాడు. ఎండుమిర్చి జేబులో పెట్టుకుని పోయాను.

తోట

ప్లాస్టిక్ పందిళ్ళ కింద దోసపాదులు, టమోటా, వంగ. అవతల గొర్రెలు. నీటి మోటారు పక్కన ఒకామె బోర్లా పడుకుని లోపలికి చెయ్యి పెట్టి ఉంది. లేచి నిలబడ్డాక చూశాను. నలభై దాటిన మనిషి, తలకు గుడ్డ కట్టుకుంది, వేళ్ళు నల్లగా ఉన్నాయి. ఆ నలుపు చూసి నాకు సందేహమే లేకపోయింది.

ఓబులేసు అరబ్బీలో పరిచయం చేశాడు. నాకు పాత అరబ్బీ సగం గుర్తుంది, తక్కినది వాడు అందించాడు. ఉస్తా దగ్గర పని చేశానంటే ఆమె మొహం మారలేదు. మీ నాన్న తెలుసంటూ చాలామంది వస్తుంటారు, కూర్చోండి అంది. మర్యాదే, కానీ దూరంగా.

కాఫీ వచ్చింది. చెవి లేని చిన్న కప్పు, అడుగున రెండు గుక్కలు. తాగగానే మళ్ళీ పోశారు. మళ్ళీ తాగాను, మళ్ళీ పోశారు. పోసేవాణ్ణి నొప్పించకూడదని ఆరు తాగాను. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నేను ఈ కప్పులు కడిగాను గానీ కూర్చుని పోయించుకోలేదు. చాలనిపిస్తే కప్పును అటూ ఇటూ ఆడించాలట. మన విస్తట్లో చెయ్యి అడ్డం పెట్టడం లాంటిదే. ఏడోసారికి వంటింటి గడపలోంచి ఒక గొంతు వచ్చింది: "నాయనా, కప్పు ఊపు. లేకుంటే సాయంత్రం దాకా పోస్తానే ఉంటారు."

నాగమ్మ. ఆమె ఆ మాట తెలుగులో అనేసరికి వర్దా నవ్వింది. నవ్వి, తెలుగులోనే, కడప యాసలో, "అన్నం తింటివా?" అంది. నాగమ్మ దగ్గర పదేళ్ళలో వచ్చిన తెలుగు అది.

ఆ నవ్వు చూసి నాకు గ్యారేజీకి ఫ్రాకు వేసుకుని వచ్చే పిల్ల గుర్తొచ్చింది. కాగితాల్లో వర్దా. అరబ్బీలో గులాబి అని. తండ్రి మట్టుకు తన భాషలో గుల్ అని పిలిచేవాడు. నేను నా బుద్ధి కొద్దీ ఇంకో రకంగా పిలిచేవాణ్ణి. ఇప్పుడు కూడా అలాగే పిలిచాను.

"గులమ్మా."

ఆమె చేతిలో కప్పు ఆగిపోయింది. "సామాన్లు కడిగే అబ్బాయివి" అంది. "నాకు నట్లతో దండ గుచ్చి ఇచ్చావు." ఆ తర్వాత పుస్తకం తీశాను. ఆమె అక్షరాల మీద వేలు ఆనించి చూసి, గుండ్రటి అక్షరాల పుస్తకం ఒకటుందని నాన్న ఫోనులో చెప్తుండేవాడు, నన్ను ఊరడించడానికి అల్లిన కథ అనుకున్నాను అంది. ఆయన గొంతు ఫోనులో దాచుకుందట, ఆ ఫోను చెడిపోయి గొంతూ పోయింది. వాళ్ళ మేనత్తకు రెండు పాటలే వచ్చు, ఆమె కూడా పోయింది. తుర్కమాను మాట్లాడటానికి ఈ దేశంలో ఆమెకు ఎవరూ లేరు.

నేను కళ్ళద్దాలు తుడుచుకుని మొదటి పాట చదివాను. ఆమె కనుబొమలు ముడిచింది. రెండోది చదివాను. అర్థం కావడం లేదని ఆమె మొహమే చెబుతోంది. మూడోది సగంలో ఉన్నాను. ఇన్నాళ్ళు మోసింది ఉత్త పొట్టేనా అనిపించింది. అప్పుడామె చెయ్యెత్తి ఆపింది. ఒక మాట మళ్ళీ చదవమంది. యోలు అన్నాను.

"యోల్" అంది ఆమె.

"యోలు" అన్నాను నేను.

"యోల్ అంటే దారి. యోలు అంటే అతని దారి."

నాకు ఎక్కలేదు. ఆమె ఓపిగ్గా చెప్పింది. వాళ్ళ భాషలో ఇలాంటి మాటల చివర ఉ చేరితే అతనిది అని అర్థమట. దోస్త్ అంటే నేస్తం, దోస్తు అంటే అతని నేస్తం. గోజ్ అంటే కన్ను, గోజు అంటే అతని కన్ను. నేను పుస్తకం తిప్పి చూసుకున్నాను. పేజీ పేజీకీ కొమ్ములే. యోలు, దోస్తు, గోజు, సోజు. అయ్యవారి బెత్తం కిర్కూక్ దాకా పోయింది.

వర్దా పడీపడీ నవ్వింది. "కాతిబ్, లోకంలో ఉన్నవన్నీ పట్టుకొచ్చి ఒక్కడి పేరున రాసేశావు" అంది.

నాకు నవ్వు రాలేదు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. జోర్డాన్ సరిహద్దులో సైనికుడు ఇదేమిటని అడిగితే దేవుడి పాటలని చెప్పి ప్రాణం బిగబట్టి దాటించాను. అలా దాటించింది తప్పులనా? దెదె తన జనం భాష కోసం తలపాగా విప్పేస్తే, ఆ భాషకు నేను కొమ్ములు పెట్టాను. జేబులోంచి పెన్ను తీశాను. ఎండుమిర్చి కూడా బయట పడింది. ఇప్పుడే కూర్చుని అన్నిటికీ పొల్లు పెడతాను, సాయంత్రానికి దిద్ది ఇస్తాను అన్నాను.

ఆమె సరేనంది. ముందు అన్నీ చదవమంది. కొమ్ములు తీసేసి చదువుతుంటే ఇప్పుడామెకు ఒక్కో పాటా అందుతోంది, పెదవులు నాతో పాటు కదులుతున్నాయి. పదహారు అయ్యాయి. పదిహేడోది వచ్చేసరికి నా వేళ్ళ కింది అక్షరం ఎలా ఉంటే అలాగే చదివేశాను. ముప్పై అయిదేళ్ళు నాలో నేను చదువుకున్న అలవాటు అది. ఉస్తా నా చేత బస్సెక్కే ముందు రోజు రాయించిన పాట.

"యోలు వారు. దోస్తు యోఖు. గులు వారు."

వార్ అంటే ఉంది అని, యోఖ్ అంటే లేదు అని. దెదె అన్నది ఇంతే: దారి ఉంది, నేస్తం లేదు, గులాబి ఉంది. నేను చదివింది అది కాదు. అతనికి దారి ఉంది, అతనికి నేస్తం లేడు, అతనికి గుల్ ఉంది.

ఆమె తలగుడ్డ కొంగు తీసి మొహం తుడుచుకుంది. నల్లటి గ్రీజు చెంప మీద గీతలా అంటుకుంది. నేను తప్పు చదివానని, దిద్దుతానని, పెన్ను మూత తీశాను. ఆమె నా చేతిమీద చెయ్యి పెట్టింది.

"పొల్లు పెట్టొద్దు. ఒక్కదానికి కూడా."

ఆ బరువు దించడానికో ఏమో, నేను ఇంకో తప్పు కూడా ఒప్పుకున్నాను. వారు అంటే మా భాషలో మర్యాద. దొరవారు, పంతులువారు అన్నట్టు, గులు వారు అంటే ఉస్తా తన కూతుర్ని గౌరవంగా గులువారు అంటున్నాడని చాలా ఏళ్ళు అనుకున్నాను. ఓబులేసు దాన్ని అరబ్బీలో చెప్పలేక తంటాలు పడ్డాడు. నాగమ్మ నోటికి చీర చెంగు అడ్డం పెట్టుకుంది. అర్థమయ్యాక వర్దా, "నాన్న అట్లా పిలిచినా పిలుస్తాడు" అంది.

అన్నం పెట్టారు. మాంసం వేసి వండిన అన్నం, మజ్బూసు అంటారు, పక్కన టమోటా కారం. నాకోసం నాగమ్మ రాగిసంగటి గెలికింది. ఇసుక మధ్యలో, దోసపాదుల పక్కన, రాగిసంగటి. వర్దా కూడా వేళ్ళతో ముద్ద చేసుకుని మింగింది, నమలకుండా. ఆ విద్య నేర్పింది కూడా నాగమ్మే.

లేవబోతుంటే వర్దా పదిహేడో పాట పేజీ మళ్ళీ నా ముందు పెట్టింది. "ఒక్క మాట మార్చు. దోస్తు యోఖు అని ఉన్నచోట దోస్తు వారు అని రాయి. ఇన్నేళ్ళు మోసుకొచ్చినవాడు కనిపిస్తుంటే, మా నాన్నకు నేస్తం లేడని ఎట్లా ఉంచుకోను?"

నాకు కళ్ళు మసకబారాయి. అయినా పెన్ను తీయలేదు. కొమ్ము తెలియక పెట్టాను, అది వేరు. దెదె లేదు అన్నచోట ఉంది అని తెలిసి రాయడానికి నేనెవర్ని? మీ నాన్న చెప్పింది చెప్పినట్టు రాయమన్నాడు, కాతిబ్ అన్నాడు, కవి అనలేదు అన్నాను. కొంచెం కటువుగానే అన్నాను. ఆమె పట్టు పట్టలేదు. పుస్తకం మూసి రెండు చేతులతో తీసుకుంది.

అప్పుడు తట్టింది నాకు. ఆ అక్షరాలు ఆమెకు రావు. నేను పోతే చదివేదెవరు? ఆమె అప్పటికే వంటింటి వైపు చూస్తోంది.

"నేనా మామా?" అంది నాగమ్మ. యజమానురాలిని అక్కడ మామా అంటారు. "నాకేం అర్థమైతాది? ఏడో తరగతి దాకా సదివినా. ఉన్నది ఉన్నట్టు సదువుతా, అంతే."

"ఉన్నది ఉన్నట్టే కావాలి" అంది వర్దా, తెలుగులో.

బండెక్కేటప్పుడు దోసకాయల పెట్టె ఒకటి ఇచ్చారు. వద్దన్నా వినలేదు. గేటు దాటేదాకా వెనక్కి చూశాను. తర్వాత చూడలేదు.

ఇల్లు

ఇంటికొచ్చి పెట్టె తెరిస్తే పుస్తకం ఉండే చోటు నాలుగు మూలలుగా ఖాళీగా ఉంది. చుట్టూ కర్పూరం బిళ్ళలు అలాగే ఉన్నాయి. అందులో ఇంకేమీ పెట్టబుద్ధి కాలేదు. ఇన్నాళ్ళూ మాట నిలబెట్టుకోలేదన్న బాధ ఉండేది, దానితో పాటు ఉస్తా కూడా ఇంట్లోనే ఉన్నట్టుండేది. బాధ దిగింది. ఆయన కూడా దిగిపోయాడు. ఇది ఎవరికి చెప్పాలో తెలీక మీకు చెప్తున్నాను.

పోయిన శుక్రవారం ఓబులేసు ఫోనులో ఒక గొంతు పంపాడు. తోటలో వంటిల్లు. కుక్కరు కూత వినపడింది, గొర్రె అరిచింది. తర్వాత నాగమ్మ, బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు ఒక్కో మాటా కూడబలుక్కుంటూ:

"యోలు వారు. దోస్తు వారు. గులు వారు."

మళ్ళీ విన్నాను. దోస్తు వారు అనే అంది. నాగమ్మ పై వరుస చూసి పొరపాటున చదివిందో, మామా చదవమందో తెలీదు. అక్కడ యోఖు అని నేను రాసిన మాట నాకు బాగా గుర్తు. ఫోను చేసి తప్పు చదివావమ్మా అని చెప్పాలి. కాతిబ్‌ను గదా.

వారమైంది. చేయలేదు.